కమ్మరి అనే మాటకి స్త్రీలింగం

తెలుగులో కొన్ని పనుల పేర్లు ఆడవాళ్ళకీ దక్కాయి. చాకలి ఐలమ్మ అన్నప్పుడు ఆ మాటలో కులమూ ఉంది, పనీ ఉంది. కుమ్మరామె అనగానే మట్టి తొక్కే పాదాలో, అంగట్లో కుండల గంపో కళ్ళముందుకొస్తుంది. మంత్రసాని అనే మాటకైతే అసలు పుంలింగమే లేదు. మరి కమ్మరామె అంటే? కమ్మరాయన భార్య. అంతే. అందులో కులం ఉంటుంది, పని ఉండదు. ఇనుముకి ఎదురుగా నిలబడ్డ మనిషిగా ఆ మాట ఆమెను చూపించదు.

నేను ఆ ఇంటి బిడ్డను. అయినా ఈ మాటల పేచీ నాకు చాలా ఆలస్యంగా పట్టుకుంది. మూడేళ్ళ కింద జనగామలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, వెల్డింగ్ మిషను కొనుక్కున్నాక. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. షెడ్డు సంగతి తెలిసిన తోటి లెక్చరర్లు "ఓహో, హాబీనా మేడం!" అన్నారు మెచ్చుకోలుగా. పక్కింటివాళ్ళూ అదే మాటన్నారు, కొంచెం ఊరడింపుగా. హాబీ అయితే ఫర్వాలేదు, ఇంకేదో కాదు కదా అన్నట్టు. ఆ మాట అననిది మా అవ్వ ఒక్కతే. ఆమెకి ఆ మాట తెలియదు. "గీ పనికేనా బిడ్డా నిన్ను సదివిచ్చింది?" అంది.

ఆమె అలా ఎందుకందో చెప్పాలంటే కొలిమి దగ్గరికి వెళ్ళాలి.

మాది మహబూబాబాద్ దగ్గరి పల్లె. పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ ఊరిని మానుకోట అనే అంటారు. మా బాపు కొలిమి వేపచెట్టు కింద ఉండేది. మిరుగం ముంగట రైతులు నాగలి కర్రులు పట్టుకుని తెల్లారకముందే వచ్చి కూచునేవాళ్ళు. బాపు కూచుని, ఎర్రగా కాలిన కర్రును పట్టకారుతో దాగలి మీద పెట్టి, కుడిచేతి చిన్న సుత్తెతో ఒక్కసారి తట్టేవాడు. ఎక్కడ తట్టాడో సరిగ్గా అక్కడ, అదే వాలులో, అవ్వ నిలబడి రెండు చేతులతో సమ్మెట దింపేది. ఆయన సుత్తెను దాగలి మీద ఊరికే వాలిస్తే ఆపమని గుర్తు. ఇద్దరి మధ్యా మాట ఉండేది కాదు. ఇనుము ఎరుపు తగ్గేలోపు పడాల్సిన దెబ్బలన్నీ పడాలి, ఇక మాటకి తీరికెక్కడిది?

బాపు చేతిలోది కిలో బరువు కూడా లేని సుత్తె. అవ్వ ఎత్తేది నాలుగు కిలోల సమ్మెట. చూసేవాళ్ళకి మాత్రం పని చేస్తున్నది బాపు, సాయం చేస్తున్నది అవ్వ. దెబ్బ ఎక్కడ పడాలో నిర్ణయించడం నైపుణ్యమే, కాదనను. కానీ ఆ దెబ్బ రెండంగుళాలు పక్కకి పడితే బాపు ముంజేయి ఉండదు. అన్నేళ్ళు, అన్ని వేల దెబ్బలు, ఆ రెండంగుళాలు తప్పకపోవడాన్ని ఏమనాలి? సాయమా?

సమ్మెట ఎత్తేటప్పుడు పుస్తెలతాడు అడ్డం పడకుండా వీపు మీదికి వేసుకునేది. కొంగు బిగించి నడుముకి చుట్టేది. నెలసరి మూడు రోజులు కొలిమి దగ్గరికి రాకూడదని నానమ్మ నియమం. అయితే మిరుగం ముంగట, గుంపు కూచుని ఉన్నప్పుడు, ఆ నియమం ఎవరికీ గుర్తొచ్చేది కాదు. నానమ్మకి కూడా! పంటలొచ్చాక రైతులు కొలిచే గింజలు బాపు పేరున వచ్చేవి. జనాభా లెక్కల పంతులు వచ్చి "ఆమె ఏం చేస్తది?" అని అడిగితే బాపు "ఇంట్ల ఉంటది" అన్నాడు. అబద్ధమాడాలని అన్నది కాదు. ఆయన నిజంగా అలాగే అనుకున్నాడు. అవ్వ పక్కనే నిలబడి ఉంది, చేతులకి బొగ్గు మసి. ఆమె కూడా అలాగే అనుకుంది.

మన సాహిత్యంలో కొలిమి పెద్ద మాట. అల్లం రాజయ్య నవల పేరులోనే ఉంది అది. తెలంగాణ కథల్లో, పాటల్లో ఎన్నిసార్లు రాజుకుందో, ఎన్నిసార్లు మండిందో లెక్కలేదు. ఆ రూపకం మీద నాకు గౌరవమే. కానీ తిత్తి గుంజకుండా కొలిమి రాజుకోదు కదా? మా ఊళ్ళో, మా చుట్టాల ఇళ్ళల్లో, నేనెరిగినంతలో తిత్తి గుంజింది ఆడవాళ్ళూ ఆడపిల్లలూ. నేనూ గుంజాను. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో గుంజుతూ ఎనిమిదో తరగతి చదివాను. ట్రాక్టర్లొచ్చాయి, నాగళ్ళు పోయాయి, కర్రులు చరపడం పోయింది. తమ్ముడు హైదరాబాద్ పోయి గ్రిల్లులు చేసే షాపులో చేరాడు. కొలిమి మీద గడ్డి మొలిచింది. దాగలి మాత్రం వాకిట్లో అట్లాగే ఉండిపోయింది, ఎవరూ కదిలించలేక. దాన్ని నేను ట్రాలీ ఆటోలో జనగామ తెచ్చుకున్నాను.

ఇక వెల్డింగ్ సంగతి. ఈ కాలపు ఇన్వర్టర్ మిషను ఒక చిన్న పెట్టె. సింగిల్ ఫేజ్ కరెంటుతో నడుస్తుంది. ఒక వైరుకి క్లాంపు, దాన్ని ఇనుముకి పట్టిస్తాం. రెండో వైరుకి రాడ్. మొన ఇనుముకి తగిలీ తగలకుండా అగ్గిపుల్ల గీసినట్టు గీస్తే మెరుపు పుడుతుంది. ఎక్కువ ఆనితే రాడ్ అతుక్కుపోతుంది, దూరమైతే మెరుపు ఆరిపోతుంది. ఆ మధ్యనున్న రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం చెయ్యి చెదరకుండా పట్టుకోవడమే విద్యంతా. ఇనుము కరగడానికి 1538 డిగ్రీల వేడి కావాలి. బాపు కొలిమిలో ఇనుము మెత్తబడేదేగానీ కరిగేది కాదు. ఇక్కడ నా చేతి చివర అది నీళ్ళలా కరుగుతుంది. మొదటిసారి నల్లద్దంలోంచి ఆ చిన్న ఎర్రటి మడుగుని చూసినప్పుడు కలిగిన సంతోషం... దాన్ని ఏ సిద్ధాంతంతోనూ వివరించలేను.

నాకు నేర్పింది మా అక్క బిడ్డ. భూపాలపల్లిలో ఉంటుంది. ఐటీఐలో ఏడాది వెల్డర్ కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంది. నెలకోసారి జనగామ వస్తుంది. "కంటితో కాదు చిన్నమ్మా, చెవితో నేర్చుకో" అంది మొదటిరోజే. సరైన మెరుపు ఆవాలు సన్నసెగన వేగుతున్నట్టు ఆగకుండా చిటపటలాడుతుంది. టప్ టప్ మని తెగుతుంటే చెయ్యి ఎక్కడో తప్పుతున్నట్టు. పోపు మాడుతున్నదో లేదో పక్క గదిలోంచే చెప్పగల మనకి ఈ పాఠం కొత్త కాదు. ఇంకొకటి: రెండు ముక్కలు చదరంగా నిలబెట్టి ఒక పక్కే నిండుగా అతికితే, చల్లారుతూ అది అటే లాక్కుంటుంది, మూల వంకర పోతుంది. అందుకని ముందు ఎదురెదురు మూలల్లో చిన్న చిన్న చుక్కలు పెట్టుకోవాలి. దాన్ని టాకా అంటారు. మా వీధిలో జాకెట్లు కుట్టే ఆమె కూడా టాకా అనే అంటుంది! కుట్టుమిషను హాబీగా కాదు, బతుకుతెరువుగా ఉన్న ఆమె ఒకరోజు షెడ్డులోకి వచ్చి కాసేపు చూసి, "అదే పని, గుడ్డ వేరు" అని తేల్చేసింది.

పుస్తకాల అర ఒకటి, పూలకుండీల స్టాండ్లు, అవ్వకి ఎత్తు తక్కువ మంచం. ఇవీ నేను చేసినవి. గొప్పవేం కాదు. పద్దెనిమిది గేజీ పలచటి గొట్టాలకి బొక్కలు పడకుండా అతకడానికి నాకు ఆరునెలలు పట్టింది.

ఈ పనికి ఒంటి మీద ఏముండాలి, ఏముండకూడదు అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. నైలాన్, పాలిస్టర్ ఉండకూడదు, నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలు బట్ట కావాలి. చున్నీ ఉండకూడదు, గ్రైండరు చక్రం లాగేస్తుంది. ఉంగరాలు, గాజులు, మెడలో గొలుసు తీసేయాలి. కరెంటుతో పని, లోహం ఒంటికి తగిలి ఉండటం మంచిది కాదు. ఈ జాబితా చదువుతుంటే ఏమనిపించింది? వేరే ఎవరి దృష్టిలోనో పెళ్ళయిన ఆడదాని ఆనవాళ్ళ జాబితా ఇది. నేను పుస్తెలతాడు తీసి షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించాను. ఇంట్లో మూడురోజులు మాటల్లేవు. నా భర్త మంచివాడే, కొన్న మిషనుకి అడ్డు చెప్పలేదు. కానీ మేకుకి వేలాడుతున్న తాడుని చూసి తట్టుకోలేకపోయాడు. చివరికి తాడుని బీరువాలో పెట్టడానికి ఒప్పందం కుదిరింది, కనిపించకుండా. మెడలో లేకపోవడం కంటే మేకుకి ఉండటమే ఎక్కువ బాధపెట్టిందన్నమాట.

తోలు గ్లవుజులు జనగామలో మగవాళ్ళ సైజే దొరుకుతాయి. హనుమకొండలోనూ అంతే.

బట్టల సంగతి చట్టానికీ తెలుసు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 22వ సెక్షన్ ఉండేది. తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించడం, దానికి నూనె వేయడం ప్రత్యేక శిక్షణ పొందిన వయోజన పురుష కార్మికుడే చేయాలి. అతను ఒంటికి బిగుతుగా ఉండే దుస్తులు వేసుకోవాలి. ఆ దుస్తులు యజమానే ఇవ్వాలి. ఇంత వివరంగా రాసి, ఆ తర్వాత, యంత్రం కదులుతుండగా శుభ్రం చేయడం, నూనె వేయడం ఆడవాళ్ళనీ చిన్న వయసువాళ్ళనీ చేయనివ్వకూడదు అంది. అతనికి బట్టలివ్వాలని తోచిన చట్టానికి ఆమెకీ ఇవ్వొచ్చని తోచలేదు! చీరే ప్రమాదమైతే చీర మార్చొచ్చు కదా, మనిషిని ఎందుకు మార్చాలి? 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్ళని భూగర్భ గనుల్లోకి దిగనివ్వలేదు. దానికి మినహాయింపు 2019లో వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రతా స్మృతి అన్ని రకాల పనుల్లోనూ స్త్రీలు పనిచేయడానికి అర్హులే అంటోంది. కాగితం మీద డెబ్బై ఏడేళ్ళు పట్టింది. ఆ స్మృతితోపాటు వచ్చిన మిగతా కార్మిక స్మృతుల మీద సంఘాల అభ్యంతరాలు నాకు తెలుసు, వాటితో నాకు ఏకీభావమే. ఈ ఒక్క వాక్యం మాత్రం ఆలస్యంగానైనా రావాల్సింది వచ్చింది.

వెల్డింగు చేసేవాళ్ళకి కళ్ళు మండటం మామూలు. అద్దం లేకుండా మెరుపు చూస్తే కొన్ని గంటల తర్వాత, సాధారణంగా రాత్రిపూట, కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటుంది. మా రోడ్డు మీది షాపు పిల్లలు అద్దం పెట్టుకోరు, తల పక్కకి తిప్పుకుంటారు. ఒకసారి అందులో ఒక పిల్లవాడు పొద్దుపోయాక మా పక్కింటికి వచ్చాడు. ఆ ఇంట్లో బాలింత ఉంది. కళ్ళల్లో వేసుకోవడానికి చనుబాల చుక్కలు కావాలట. వాళ్ళల్లో అది పాత మందు. డాక్టర్లు వద్దంటారు, కంటికి ఇన్‌ఫెక్షన్ రావొచ్చు. ఆ అమ్మాయి ఇచ్చింది, పాపం. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ షాపు గడప లోపలికి ఆడమనిషి నుంచి పోగలిగింది ఆ నాలుగు చుక్కల పాలు మాత్రమేనా అని.

జనగామలో ఉంటూ పెంబర్తి గురించి రాయకపోతే తప్పు. హైదరాబాద్ వైపు రోడ్డు మీదే ఉన్న ఊరు. ఇత్తడి, రాగి రేకుల మీద బొమ్మలు తేల్చే కంచరి పని అక్కడిది. రేకును కాల్చి మెత్తబరచి, లక్క పరుపు మీద బిగించి, వెనకనుంచి ఉలులతో కొడుతూ ఉబ్బిస్తారు. కాకతీయుల కాలంనుంచీ ఉందంటారు. తర్వాత నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు చేశారు. ఇప్పుడు గుడి తలుపులు, ధ్వజస్తంభాల తొడుగులు, మెమెంటోలు. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను వెళ్ళిన ఇళ్ళల్లో ఉలి పట్టినవాళ్ళు మగవాళ్ళే. లక్క కరిగించేది, పూర్తయిన వస్తువుని చింతపండుతో తోమి మెరుగు తెచ్చేది ఆడవాళ్ళు. చింతపండులోని ఆమ్లం ఇత్తడి మీది నల్లటి పొరను కరిగిస్తుంది. ఈ రసాయనశాస్త్రం ప్రతి ఇంటి బిందె దగ్గరా ఆడవాళ్ళకి తెలుసు. చిల్లుపడ్డ బిందెకి మాటు వేయించాలా, కొత్తది కొనాలా అన్నది వేలితో తట్టి, చప్పుడు విని తేల్చేదీ వాళ్ళే. కలాయి వేసేవాడు వీధిలోకొస్తే తగరం ఎంత పలచగా పూస్తున్నాడో పక్కన నిలబడి కనిపెట్టేదీ వాళ్ళే. మెరుగు పెట్టిన ఆమెని నేనడిగాను, మీరెప్పుడైనా ఉలి పట్టారా అని. నవ్వి, "మావోడు అన్నానికి పోయినప్పుడు" అంది. ఎంతసేపు పోతాడని అడిగితే ఇంకా గట్టిగా నవ్వింది.

రాడ్‌తో అతికాక అతుకు మీద నల్లటి పెంకు కడుతుంది. దాన్ని చిన్న సుత్తెతో కొట్టి రాల్చాలి. ఇనుము కరిగించినప్పుడు మిగిలే మడ్డిని తెలుగులో చిట్టెం అంటారు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో పాత చిట్టెం దిబ్బలు ఇంకా ఉన్నాయి, ఒకప్పుడు అక్కడ ఇనుము తీసిన గుర్తుగా. కోనసముద్రం ఉక్కు దేశాలు దాటి పోయింది. 2010లో ఆ దిబ్బల్ని ఊరూరా తిరిగి నమోదు చేసిన సర్వేకి ముందు నిలిచినవాళ్ళలో ఇద్దరు స్త్రీలున్నారు: ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నుంచి గిల్ జులెఫ్, బెంగుళూరు నుంచి శారదా శ్రీనివాసన్. చిట్టెం రాయి చూసి కొలిమి ఎంత వేడెక్కిందో చెప్పగలరు వాళ్ళు. తిత్తి ఎవరు గుంజారో మాత్రం ఏ రాయీ చెప్పదు. ఆ ముసలమ్మలు ఉన్నప్పుడే అడగాలి. "మనకు తెలియని మన చరిత్ర" కోసం స్త్రీశక్తి సంఘటన చేసింది ఆ పనే కదా. పోరాటాల గురించి అడిగినంత శ్రద్ధగా పనుల గురించి మనం ఇంకా అడగలేదు.

అడగకపోతే ఏమవుతుందో లండన్‌లో వాటర్లూ వంతెన చెబుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో దాని నిర్మాణంలో ఎందరో ఆడవాళ్ళు పనిచేశారు, వెల్డర్లతో సహా. 1945 డిసెంబరులో ప్రారంభిస్తూ మంత్రి హెర్బర్ట్ మారిసన్ దాన్ని కట్టిన మగవాళ్ళని పొగిడి ఊరుకున్నాడు. థేమ్స్ మీద పడవలు నడిపేవాళ్ళు మాత్రం దాన్ని ఆడవాళ్ళ వంతెన అనే చెప్పుకునేవారట. క్రిస్టీన్ వాల్ అనే చరిత్రకారిణి పాత ఫోటోల్లో ఆ వెల్డర్లని వెతికి పట్టుకున్నాక, 2015లో గానీ ప్రభుత్వ వారసత్వ జాబితాలో వాళ్ళ మాట చేరలేదు.

మా మహబూబాబాద్ జిల్లాలోనే బయ్యారం ఉంది. ఆ ఇనుపరాయి మీద ఉక్కు ఫ్యాక్టరీ పెట్టే వీలు పరిశీలించాలని 2014 పునర్విభజన చట్టంలో రాశారు. ఫ్యాక్టరీ ఇంకా రాలేదు. వస్తే మా అక్క బిడ్డకి అందులో పని దొరికేదా అని ఆలోచిస్తాను.

ఎందుకంటే ఇప్పుడు ఆమెకి పని లేదు. భూపాలపల్లిలో వెల్డింగు పనికి కొదవ లేదు. బొగ్గుగనులున్నాయి, చెల్పూరులో 500, 600 మెగావాట్ల విద్యుత్ యూనిట్లున్నాయి. వాటి చుట్టూ కాంట్రాక్టర్లున్నారు. ఒకాయన "ఆడపిల్లవి, రాత్రి షిఫ్టు బాధ్యత ఎవరిది" అన్నాడు. ఇంకొకాయన తీసుకుని, ఏడునెలలు గ్రైండింగు, రెడ్ ఆక్సైడ్ పూయడం, రాడ్ల లెక్క రాయడం చేయించాడు. రాడ్ పట్టనివ్వలేదు. మానేసి ఫోటోస్టాట్ షాపులో కూచుంటోంది. రాడ్ చేతికి దొరికేది నెలకోసారి మా షెడ్డులోనే. సర్టిఫికెట్ ఉన్న ఆమెకి పని లేదు, జీతం ఉన్న నాకు హాబీ ఉంది. ఈ మాట రాస్తుంటే నాకేమీ హాయిగా లేదు. నా షెడ్డు, నా తీరిక, తప్పులు చేసి పారేయగల ఇనుము, అన్నీ నా ఉద్యోగం కొనిపెట్టినవే. అవ్వ అన్న మాటలోని కోపం అదే అనుకుంటాను. ఏ పని నుంచి తప్పించడానికి ఆమె సమ్మెట ఎత్తిందో, ఆ పనిని నేను సరదాకి చేయగలగడం.

2023లో కేంద్రం విశ్వకర్మ పథకం పెట్టింది. కమ్మరి పనితో కలిపి పద్దెనిమిది వృత్తులు. పనిముట్లకి 15,000 రూపాయలు ఇస్తారు. అయితే కుటుంబానికి ఒక్కరికే. ఒక్కరే అంటే ఎవరి పేరు రాస్తారో మనకి తెలియదా? ఊళ్ళో మా పినతండ్రి కొడుకు పేరున దరఖాస్తు పెట్టారు. అతని భార్య ఇప్పటికీ కొడవళ్ళకి సమ్మెట వేస్తుంది.

అవ్వ ఇప్పుడు మాతోనే ఉంటోంది, డెబ్బై ఎనిమిదేళ్ళు. మొదట్లో షెడ్డు వైపు చూసేది కాదు. దాగలి వచ్చాక రోజూ వచ్చి దాని మీద కూచుంటోంది. ఒకరోజు నేను స్టాండు పూర్తిచేస్తే చేతికర్రతో అతుకుల మీద వరసగా తట్టుకుంటూ పోయింది. మూడోదాని దగ్గర ఆగింది. "గిది బోలుగ ఉన్నది." పైకి నున్నగానే ఉంది. గ్రైండరుతో కోసి చూస్తే లోపల చిట్టెం ఇరుక్కుని ఉంది, ఇనుము ఇనుముని పట్టనేలేదు. అక్క బిడ్డ "అమ్మమ్మా, మా ఐటీఐ సారుకి కూడా ఇది రాదు" అంది. అవ్వ దాన్ని పొగడ్తగా తీసుకోలేదు. "నలభై ఏండ్లు కొట్టిన, ఆ మాత్రం ఎరుకైతది" అంది.

మొన్న పండక్కి వీధి చివరి ఇల్లాయన గేటు చేయించుకుంటానని వచ్చాడు. ఎనిమిదడుగులు, రెండు రెక్కలు. షాపులో చెప్పిన ధర ఎక్కువనిపించిందట. అక్క బిడ్డ టేపు తీసి కొలిచింది, గొట్టాల బరువు లెక్కవేసింది, కిలోకి ఇంత అని చెప్పింది. ఆయన కాసేపు బేరమాడి, జేబులోంచి అడ్వాన్సు తీసి, వరండాలో పేపరు చదువుకుంటున్న నా భర్త వైపు చాచాడు.

"అటు కాదు సార్," అంది అక్క బిడ్డ. "నాకియ్యాలె. రసీదు రాస్త."